కార్బన్ మోనాక్సైడ్ అణువులో బంధ నిర్మాణం

కార్బన్ మోనాక్సైడ్ ఒక కార్బన్ పరమాణువు, ఒక ఆక్సిజన్ పరమాణువు కలిసి ఏర్పడిన విషవాయువు. దీనికి రంగు, రుచి, వాసన లేవు. అణువులో ఉన్నవి రెండే పరమాణువులైనా దీని బంధ నిర్మాణం పైకి కనిపించినంత సులభం కాదు. కార్బన్ సంయోజకత 4, ఆక్సిజన్ సంయోజకత 2 అనే ప్రాథమిక పాఠంతో కార్బన్ డయాక్సైడ్ నిర్మాణాన్ని సరిగానే గీయవచ్చును. అదే పాఠాన్ని కార్బన్ మోనాక్సైడ్‌కు వర్తింపజేస్తే ద్విబంధం వస్తుంది. నిజానికి ఇందులో ఉన్నది త్రిబంధం.

ఎలక్ట్రానుల లెక్క

కార్బన్ బాహ్య కర్పరంలో 4, ఆక్సిజన్ బాహ్య కర్పరంలో 6, మొత్తం 10 ఎలక్ట్రానులు కలవు. రెండు పరమాణువులకూ విడివిడిగా అష్టకం నింపాలంటే 16 కావలెను. తక్కువైన 6 ఎలక్ట్రానుల మేరకు ఉమ్మడిగా వాడుకొనక తప్పదు. 6 ఎలక్ట్రానులు అనగా 3 జంటలు, అనగా 3 బంధాలు. మిగిలిన 4 ఎలక్ట్రానులు కార్బన్‌పై ఒకటి, ఆక్సిజన్‌పై ఒకటి చొప్పున రెండు ఒంటరి జంటలుగా ఉంటాయి.

ద్విబంధం గీస్తే ఆక్సిజన్‌కు అష్టకం నిండుతుంది కానీ కార్బన్ చుట్టూ 6 ఎలక్ట్రానులే ఉంటాయి. విద్యార్థులు తరచుగా గీసే బొమ్మ ఇదే. అందులో ఆవేశాలేవీ కనబడవు కనుక అది సరియైనదే అనిపిస్తుంది.

త్రిబంధంలోని రెండు జంటలకు పరమాణువులు చెరొక ఎలక్ట్రానును ఇస్తాయి. మూడవ జంటలోని రెండింటినీ ఆక్సిజనే ఇస్తుంది. ఇటువంటి దానిని సమన్వయ సమయోజనీయ బంధం అంటారు. పాఠ్యపుస్తకాలలో దీనిని ఆక్సిజన్ నుండి కార్బన్ వైపుకు బాణం గుర్తుతో చూపుతారు. బాణం లెక్క కోసమే. బంధం ఏర్పడిన తరువాత ఏ ఎలక్ట్రాను పుట్టిల్లు ఏదో చెప్పుట సాధ్యం కాదు.

ప్రయోగ నిదర్శనాలు

1916లో జి.ఎన్. లూయీ ఎలక్ట్రాను జంటల భావనను ప్రతిపాదించాడు. 1919లో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ కార్బన్ మోనాక్సైడ్‌కు, నైట్రోజన్ అణువుకు గల పోలికను ఎత్తి చూపాడు. రెండింటిలోనూ 14 ఎలక్ట్రానులే. నైట్రోజన్ −196 డిగ్రీల సెల్సియస్ వద్ద, కార్బన్ మోనాక్సైడ్ −191.5 డిగ్రీల వద్ద మరుగుతాయి. నైట్రోజన్‌లో త్రిబంధం ఉన్నదన్న సంగతి తెలిసినదే.

బంధ దైర్ఘ్యం ఇంకా స్పష్టమైన సాక్ష్యం. కార్బన్, ఆక్సిజన్‌ల మధ్య దూరం ఏకబంధమున్న మిథనాల్‌లో సుమారు 143 పికోమీటర్లు, ద్విబంధమున్న ఫార్మాల్డిహైడ్‌లో సుమారు 121, కార్బన్ మోనాక్సైడ్‌లో 112.8 మాత్రమే. బంధ శక్తి మోలుకు సుమారు 1072 కిలోజౌళ్ళు. నైట్రోజన్‌కు కూడా ఇది 945 మాత్రమే. తటస్థ ద్విపరమాణుక అణువులన్నిటిలోకీ అత్యంత బలమైన బంధం కార్బన్ మోనాక్సైడ్‌దే.

ఆవేశాల చిక్కు

త్రిబంధంలోని ఎలక్ట్రానులను చెరిసగం పంచి లెక్కిస్తే కార్బన్‌పై −1, ఆక్సిజన్‌పై +1 ఫార్మల్ ఆవేశం వస్తుంది. రుణవిద్యుదాత్మకత ఎక్కువగా గల ఆక్సిజన్‌పై ధనావేశమా అన్న సందేహం సహజం. ఈ ఆవేశాలు పూర్తిగా నిజమైతే అణువు ద్విధ్రువ భ్రామకం 5.4 డిబైలు ఉండవలెను. కొలిచిన విలువ 0.11 డిబై మాత్రమే. అనగా, త్రిబంధం వల్ల కార్బన్ వైపుకు చేరిన ఎలక్ట్రాను సాంద్రతను ఆక్సిజన్ తన ఆకర్షణతో దాదాపుగా వెనుకకు లాగుకొంటుంది. దాదాపుగా మాత్రమే, పూర్తిగా కాదు. మిగిలిన స్వల్ప రుణావేశం కార్బన్ వైపే ఉన్నదని 1958లో చార్లెస్ టౌన్స్, ఆయన సహచరులు మైక్రోవేవ్ వర్ణపటం ద్వారా నిర్ధారించారు.

లోహాలతో బంధం, విష ప్రభావం

కార్బన్‌పై ఉన్న ఒంటరి జంట ఆక్సిజన్‌పై ఉన్న జంట కంటే సులభంగా ఇతర పరమాణువులకు అందుతుంది. అందువలన కార్బన్ మోనాక్సైడ్ లోహాలకు ఎప్పుడూ కార్బన్ కొస నుండే అంటుకొంటుంది. 1890లో లుడ్విగ్ మాండ్, ఆయన సహచరులు కనుగొన్న నికెల్ కార్బొనిల్‌లో నాలుగు అణువులు ఈ విధంగానే నికెల్‌కు కట్టుబడి ఉన్నవి. గట్టి లోహమైన నికెల్ ఈ రూపంలో 43 డిగ్రీల వద్దనే మరిగే ద్రవమగుట విశేషం.

రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఉన్న ఇనుముతో జరిగేదీ ఇదే. కార్బన్ తన జంటను ఇనుముకు ఇస్తుంది, ఇనుము తన ఎలక్ట్రానులలో కొంత భాగాన్ని అణువులోని ఖాళీ ప్రతిబంధక ఆర్బిటాల్‌కు తిరిగి ఇస్తుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం వలన ఇనుముతో బంధం గట్టిపడి, కార్బన్, ఆక్సిజన్‌ల మధ్య బంధం కొంత బలహీనపడుతుంది. విడి అణువులో సెంటీమీటరుకు 2143గా ఉన్న కంపన తరంగ సంఖ్య హిమోగ్లోబిన్‌కు అంటుకొన్నప్పుడు సుమారు 1951కి తగ్గుట దీనికి నిదర్శనం. హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకొనే దానికంటే 200 రెట్లకు మించిన గట్టిదనంతో కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టుకొంటుంది. చలికాలంలో తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించినవారు మరణించుటకు కారణం ఇదే. గాలిలో ఈ వాయువు కొద్దిపాటిగా ఉన్నా క్రమంగా రక్తంలో పేరుకొని ఆక్సిజన్‌కు చోటు లేకుండా చేస్తుంది. వాసన లేదు కనుక నిద్రలో ఉన్నవారికి మెలకువ రాదు.