తలుపు తీసింది ఆడవాళ్ళే!

చెప్పాపెట్టకుండా నలుగురు ఇంటికొస్తే వంటింట్లోకి పరుగెత్తేది ఎవరు? మనమే కదా! ఎసట్లో ఇంకో గ్లాసు బియ్యం పోసి, చాప దులిపి పరిచి, వచ్చినవాళ్ళ ఆకలి కనిపెట్టేది ఇల్లాలే. దీన్నెవరూ చరిత్ర అనరు. కానీ ఒక మతం దేశదేశాలకు పాకడంలో ఇలాంటి ఇళ్ళకు పెద్ద పాత్రే ఉంది. అది క్రైస్తవం.

మొదటి రెండు శతాబ్దాల్లో క్రైస్తవులకు ప్రత్యేకంగా చర్చి భవనాలున్న ఆనవాళ్ళు లేవు. ప్రార్థనైనా, కలిసి భోంచేయడమైనా ఎవరో ఒకరి ఇంట్లోనే. సిరియాలోని దూరా యూరోపస్‌లో 1930ల్లో తవ్వకాల్లో బయటపడిన మూడో శతాబ్దపు ప్రార్థనా స్థలం కూడా మామూలు ఇల్లే. రెండు గదుల మధ్య గోడ తీసేసి హాలు చేసుకున్నారు.

ఊదా రంగు వ్యాపారి

క్రీ.శ. 50 ప్రాంతంలో పౌలు మాసిడోనియాలోని ఫిలిప్పీ పట్నానికి వచ్చాడు. ఏటి ఒడ్డున ప్రార్థనకు చేరిన ఆడవాళ్ళతో మాట్లాడాడు. వాళ్ళలో లూదియ ఒకరు. సొంతూరు తుయతైర. రోమన్ శ్రీమంతులు మోజుపడే ఖరీదైన ఊదా రంగు సరుకు ఆమె వ్యాపారం. ఇంటిల్లిపాదితో బాప్తిస్మం తీసుకుని, 'మా ఇంట్లోనే ఉండాలి' అని పట్టుబట్టింది. తర్వాత పౌలు జైలు నుంచి విడుదలై నేరుగా వెళ్ళింది ఆ ఇంటికే.

ప్రిస్కిల్ల, అకుల దంపతులు డేరాలు కుట్టి బతికేవారు. రోమ్ నుంచి వెళ్ళగొడితే కొరింథుకి, అక్కణ్ణుంచి ఎఫెసుకి చేరారు. ఎక్కడున్నా వాళ్ళిల్లే ప్రార్థనాలయం. అపొల్లో అనే పండితుడికి సందేహాలు తీర్చిందీ ఈ దంపతులే. బైబిల్లో వీళ్ళ ప్రస్తావన ఆరుసార్లు వస్తే, నాలుగుసార్లు భార్య పేరే ముందు! శుభలేఖలో కూడా మన పేరు రెండోదే కదా, ఆలోచించండి.

కెంక్రేయ రేవుకు చెందిన ఫీబే సంగతి మరీ గొప్పది. పౌలు రోమ్ వాళ్ళకు రాసిన ఉత్తరాన్ని సముద్రం దాటించింది ఆమేనని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ రోజుల్లో సర్కారు టపా సర్కారు పనులకే. మామూలు జనం ఉత్తరాలు ప్రయాణికుల చేతుల్లోనే వెళ్ళేవి.

ఇళ్ళల్లో పుట్టిన ఈ బంధం ఆపదలోనూ ఆదుకుంది. క్రీ.శ. 251 నాటికి రోమ్ సంఘం 1,500 మందికి పైగా వితంతువులను, దిక్కులేనివాళ్ళను పోషిస్తోందని అక్కడి బిషప్ కొర్నేలియస్ రాశాడు. అలాంటి చోటికి ఆడవాళ్ళు రావడంలో వింతేముంది?

కన్నీటి ఖరీదు

అయితే ఆ తలుపు తీసినందుకు ఖరీదూ కట్టారు. క్రీ.శ. 112 ప్రాంతంలో, ఇప్పటి టర్కీలో ఉన్న బితూనియకు అధికారి అయిన ప్లినీ, సంఘంలో సేవకులుగా ఉన్న ఇద్దరు బానిస స్త్రీలను చిత్రహింస పెట్టించి విచారించాడు. ఆ సంగతి చక్రవర్తికి తనే రాశాడు. వాళ్ళ పేర్లు మాత్రం రాయలేదు.

క్రీ.శ. 203లో, ఇప్పటి ట్యునీషియాలోని కార్తేజ్‌లో పెర్పెతువాను పట్టుకున్నారు. వయసు 22. ఒళ్ళో పాలుతాగే బిడ్డ. జైలు రోజుల్ని స్వయంగా రాసుకుంది. ఆ కాలపు స్త్రీ సొంత రాత మిగలడమే అరుదు. బిడ్డ దగ్గరుంటే ఆ చీకటికొట్టు కూడా మేడలా ఉందట! ముసలితండ్రి కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఆమె మాట మార్చలేదు. శిక్ష పడ్డాక బిడ్డను పంపడానికి తండ్రి ఒప్పుకోలేదు. ఆమెతోపాటు శిక్షపడిన బానిస ఫెలిసితాస్ జైల్లోనే ఆడపిల్లను కంది. ఆ పిల్లను తోటి విశ్వాసురాలు పెంచుకుంది. తల్లులిద్దర్నీ జనం చూస్తుండగా చంపారు. ఆ ధైర్యాన్ని మెచ్చుకోవాలో, ఆ పసికందుల కోసం ఏడవాలో నాకైతే తోచలేదు.

క్రీ.శ. 313లో చక్రవర్తుల అనుమతి దొరికింది. పెద్దపెద్ద చర్చీలు లేచాయి. అంతకుముందే మొదలైన ఆంక్షలు బిగిశాయి. అదే శతాబ్దంలో లవొదికయలో కూడిన మతపెద్దలు, స్త్రీలు బలిపీఠం దగ్గరకు రాకూడదని నియమం పెట్టారు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ముందు నిలిచిన మనిషి, భవనం లేచాక వెనక్కి జరిగింది.

ఏ మతంలో మాత్రం లేదీ కథ? అందుకే ఈసారి ఎవరైనా 'ఇంట్లో ఉండి నువ్వేం చేస్తావు?' అంటే లూదియను తలుచుకోండి. పేరు కూడా మిగలని ఆ ఇద్దరు బానిస స్త్రీలనూ తలుచుకోండి.