జన్మమాస పుష్పములు – వాని అర్థములు

ఆంగ్లేయుల దినదర్శినులలోను, శుభాకాంక్షా పత్రములలోను పండ్రెండు మాసములకు పండ్రెండు పుష్పములను నిర్ణయించి, ఏ మాసమున జన్మించినవారికి ఆ మాసపు పుష్పము జన్మపుష్పమని చెప్పుట కలదు. జనవరికి కార్నేషన్, ఫిబ్రవరికి వయొలెట్, మార్చికి డాఫొడిల్, ఏప్రిలునకు డెయిజీ, మే నెలకు లిల్లీ ఆఫ్ ది వ్యాలీ, జూనునకు గులాబి, జూలైకి లార్క్‌స్పర్, ఆగస్టునకు గ్లాడియోలస్, సెప్టెంబరునకు ఆస్టర్, అక్టోబరునకు మారిగోల్డ్, నవంబరునకు చేమంతి, డిసెంబరునకు నార్సిసస్ – ఇది ప్రసిద్ధమైన పట్టిక. జనవరికి స్నోడ్రాప్‌ను, మే నెలకు హాతార్న్‌ను, ఆగస్టునకు పాపీని, డిసెంబరునకు హాలీని చెప్పు పట్టికలును కలవు. వీనిలో ఒక్కొక్క పుష్పమునకు ఒక్కొక్క యర్థము చెప్పబడును. వయొలెట్ వినయమునకు, డెయిజీ నిష్కాపట్యమునకు, గులాబి ప్రేమకు చిహ్నములట. ఇవి యన్నియు ప్రాచీన రోమకుల నాటినుండి అవిచ్ఛిన్నముగా వచ్చుచున్నవని ఆ పట్టికల క్రింద వ్రాయుట పరిపాటి.

తెలుగు శాఖ పత్రికలో ఈ ప్రసక్తి యేల యని కొందఱు శంకింపవచ్చును. నేడు ప్రతీకలను గూర్చి పరిశోధించు విద్యార్థులు ఇట్టి పట్టికలను ప్రమాణములుగా గైకొని, వానిలోని యర్థములను మన కవుల పుష్పములకు ఆరోపించుట కానవచ్చుచున్నది. మారిగోల్డ్ దుఃఖమునకు చిహ్నమని యొక పట్టిక చెప్పును. మారిగోల్డ్‌కు తెలుగు బంతి. కావున కవి పెండ్లిపందిరికి బంతిపూలదండ గట్టించినచో అది రాబోవు వియోగమునకు సూచన యగునని వాదము! ఈ వాదమున ప్రతి మెట్టును జాఱునదే. అది యెట్లో తెలియవలె నన్నచో, పుష్పమున కర్థము ఎవరిచ్చిరి, ఎప్పుడిచ్చిరి, ఏ భాషలో నిచ్చిరి అను మూడు ప్రశ్నలను వేసికొనవలెను.

మాసములకు పువ్వులను జతపఱచుట ఐరోపాలో ఎట్లు వ్యాప్తి నొందెనో తెలుపు సాక్ష్యము ఒకటి చూడదగియున్నది. లండను సమీపమున కెన్సింగ్టనులో మొక్కల వర్తకుడగు రాబర్ట్ ఫర్బర్ 1730వ సంవత్సరమున ‘పండ్రెండు మాసముల పుష్పములు’ అను చిత్రావళిని ప్రకటించెను. పీటర్ కాస్టీల్స్ అను చిత్రకారుడు నెలకొక పుష్పగుచ్ఛమును చిత్రింపగా, హెన్రీ ఫ్లెచర్ వానిని రాగిరేకులపై చెక్కెను. గుచ్ఛములోని ప్రతి పువ్వునకును సంఖ్య, ఆ సంఖ్యకు పేరు కలవు. మొత్తము నాలుగు వందలకు పైబడిన మొక్కలు అందున్నవి. చూచుటకు కళాఖండము, చేయు పని విత్తనముల జాబితా. ఇందు మాసమునకు ముప్పదికి పైగా పువ్వులుండుటయు, వానిలో నొక్కదానికిని అర్థము చెప్పబడకుండుటయు గమనింపదగినది. ఒక మాసమునకు ఒకే పువ్వు, దానికి ఒకే గుణము, ఆ గుణము ఆ మాసమున పుట్టిన వానిది – ఈ కూర్పు తరువాతి కాలపుది.

జన్మరత్నముల చరిత్ర దీనికి తోడ్పడును. మాసమునకొక రత్నమను భావము పాతదే యైనను, నేడు చెలామణియందున్న పట్టికను 1912లో అమెరికాలోని నగల వర్తకుల సంఘము కాన్సాస్‌లో సమావేశమై స్థిరపఱచినది. పుష్పముల పట్టికకు ఇట్టి తీర్మాన మేదియు ఆధారముగా నిలుచుట లేదు; కావుననే పట్టికకును పట్టికకును పొంతన యుండదు. కాని పట్టికలోని పువ్వులే తమ కథను కొంత చెప్పుచున్నవి. స్నోడ్రాప్ ఆంగ్లదేశపు మంచులోనుండి జనవరిలో నిజముగా తల యెత్తు పువ్వు. కార్నేషన్ అట్లు కాదు. ఆ దేశమున జనవరిలో అది పూయవలెనన్నచో అద్దపు గృహము, వెచ్చదనము కావలెను. అనగా స్నోడ్రాప్ తోటవాని జనవరి, కార్నేషన్ అంగడివాని జనవరి. తోటలను శోభింపజేయు పెద్దపూల గ్లాడియోలస్ సంకరజాతులు పందొమ్మిదవ శతాబ్దిలో పెంపకందార్లు సృష్టించినవి. వాని మూలజాతులలో పెక్కు దక్షిణాఫ్రికావి. కొన్ని పట్టికలు అక్టోబరునకు చెప్పు కాస్మాస్ మెక్సికో దేశపుది. ఇట్టి పువ్వులను పేర్కొనిన పట్టిక రోమకుల నాటిదని నమ్ముట కష్టము.

ఇక అర్థముల మాట. దీని కథ మిక్కిలి చిత్రమైనది. కాన్‌స్టాంటినోపిల్‌లో ఆంగ్ల రాయబారి భార్యగా నివసించిన లేడీ మేరీ వర్ట్‌లీ మాంటెగ్యూ 1718లో వ్రాసిన యొక లేఖలో, తురుష్క స్త్రీలు వస్తువుల మూట పంపి అక్షరము వ్రాయకయే ప్రేమలేఖ నడుపుదురని వర్ణించినది. ఆమె మరణానంతరము 1763లో ఆ లేఖలు అచ్చుపడి ఐరోపా యంతట సంచలనము కలిగించినవి. తురుష్కులకు రహస్యమైన పుష్పభాష కలదని జనులు నమ్మిరి. నిజమునకు ఆమె మూటలో పువ్వులు మాత్రమే లేవు. ముత్యము, కాగితము, లవంగము, పండు మున్నగునవి కూడ నుండెను. ఆస్ట్రియా దేశపు ప్రాచ్యభాషావేత్త హామర్ పుర్గ్‌స్టాల్ 1809లో దీని మర్మమును విప్పెను. ఇది చిహ్నముల భాష కాదు, ప్రాసల యాట. తురుష్క భాషలో బేరిపండు ‘అర్ముత్’; ఆశ ‘ఉముత్’. బేరిపండు పంపినచో ఆ ప్రాసగల పలుకు స్ఫురించి, ‘ఆశ నిమ్ము’ అని యర్థమగును. ఆ పండునకును ఆశకును ప్రకృతిలో ఏ సంబంధమును లేదు. మన పిల్లలు పొడుపుకథలలో ప్రాసనుబట్టి విడుపు పట్టుకొనుట వంటిదే యిది. ఆ భాషను దాటిన మఱుక్షణమున ఈ సంకేతము మూగవోవును.

అయినను ఐరోపా ఈ హెచ్చరికను పెడచెవిని బెట్టెను. 1819లో పారిస్‌నందు షార్లట్ ద లాతూర్ అను మాఱుపేరుతో ‘పుష్పముల భాష’ యను గ్రంథము వెలువడెను. దాని ననుసరించి ఆంగ్లమున హెన్రీ ఫిలిప్స్ 1825లో, ఫ్రెడరిక్ షోబెర్ల్ 1834లో గ్రంథములు ప్రకటించిరి. అమెరికాలో ఎలిజబెత్ వర్ట్ 1829లోను, సారా జోసెఫా హేల్ 1832లోను తమ నిఘంటువులను తెచ్చిరి. 1884లో కేట్ గ్రీనవే బొమ్మలతో వెలువడిన చిన్న పుస్తకము నేటికిని పునర్ముద్రితమగుచున్నది. విక్టోరియా రాణి నాటి యువతీయువకులు ఈ పుస్తకములు చేతబట్టి పూలగుత్తులతో సంభాషించుకొనిరని నవలలు చెప్పును. బెవర్లీ సీటన్ 1995లో ప్రకటించిన చరిత్రలో ఇట్టి సంభాషణము వాస్తవముగా జరిగిన దనుటకు ఆధారములు దాదాపు శూన్యమని తేల్చిరి. అంతకు రెండేండ్ల ముందు జాక్ గూడీ పుష్పసంస్కృతిని గూర్చిన తన గ్రంథమున ఇది జనులలో నున్న ఆచారమును సేకరించినదా, లేక పుస్తకమే ఆచారమును కల్పించినదా యని ప్రశ్నించెను. ఆ కాలమున ఈ పుస్తకములు బహుమానముగా ఇచ్చుకొనదగిన అలంకార వస్తువులు. మాటలాడినది పువ్వులు కావు, పుస్తకవిక్రేతలు.

ఆ నిఘంటుకారులు అర్థములను ఎచ్చటనుండి తెచ్చిరి? కొన్ని పురాణకథలనుండి వచ్చినవి. తన నీడను తానే మోహించిన యువకుని కథ ఒవిడ్ కావ్యమున నుండుటచే నార్సిసస్‌కు ఆత్మవ్యామోహ మర్థమయ్యెను. కొన్ని వైద్యమునుండి వచ్చినవి. నల్లమందు నిచ్చు జాతి కావున పాపీకి నిద్ర, విస్మృతి యర్థములు. ఇందొక వింత కలదు. మొదటి ప్రపంచ సంగ్రామము (1914–18) తరువాత ఎఱ్ఱ పాపీ బ్రిటనులో మృతవీరుల స్మారకచిహ్నమైనది; 1921నుండి దానిని నవంబరులో వక్షస్థలమున ధరించుచున్నారు. మఱపునకు గుర్తైన పువ్వు నూఱేండ్లలో మఱువరాదనుటకు గుర్తయ్యెను. పట్టికలో నది నేటికిని ఆగస్టు పువ్వే.

అన్నిటికంటె మనకు ముఖ్యమైనవి శ్లేషనుండి పుట్టిన యర్థములు. ఫ్రెంచి భాషలో పాన్సీ పువ్వు పేరు ‘పాన్సే’, ఆలోచన యను పదమును అదియే. ఆ పేరే ఆంగ్లమునకు పోయెను. షేక్‌స్పియరు హామ్లెట్ నాటకమున నాల్గవ యంకములో ఒఫీలియా పాన్సీలను తలపులకు గుర్తుగా పంచుట దీనివలననే. ఫ్రెంచిలో మారిగోల్డ్ పేరు ‘సూసీ’. సూర్యుని వెంబడించునది యను లాటిను పదమునుండి యది వచ్చినది. బెంగ, చింత యను నర్థమున మఱియొక ‘సూసీ’ కలదు. దాని ధాతువు వేఱు. రెండు వేఱు ధాతువులు కాలక్రమమున ఒకే యుచ్చారణకు చేరినవి. ఆ యాదృచ్ఛికమే మారిగోల్డ్‌కు దుఃఖము నంటగట్టినది. ఫ్రెంచి గ్రంథమును అనువదించిన ఆంగ్లేయులు శ్లేషను పోగొట్టుకొని దుఃఖమును మాత్రము నిలుపుకొనిరి.

మాసములకు పుష్పములను కేటాయించుట తూర్పు దేశములకు కొత్త కాదు. జపానులో ఫుజివారా నో తెయికా 1214లో పండ్రెండు మాసముల పువ్వులను, పక్షులను గూర్చి కవితలు రచించెను. వానిని బట్టి ఓగత కెన్‌జన్ 1702లో పింగాణీ పళ్లెరములను చిత్రించెను. హనాఫుద యను పేకలలో నేటికిని పండ్రెండు మాసములకు పండ్రెండు మొక్కలు గుర్తులు. తెయికా మొదటి మాసమునకు చెప్పినది విల్లో చెట్టు. పేకలలో నది పదునొకండవ మాసమునకు పోయి, మొదటి మాసమున దేవదారువంటి పైన్ నిలిచినది. అచ్చటను పట్టిక స్థిరము కాదు. కాని యా పువ్వులు పుట్టినవాని గుణమును చెప్పుట లేదు, కవికి కాలమును చెప్పుచున్నవి.

మన మాసములకు పేర్లు పున్నమినాటి నక్షత్రములనుండి వచ్చినవి, పువ్వులనుండి కాదు. చంద్రమానమున అధికమాసము వచ్చుటచే ఒక పువ్వును ఒక మాసమునకు కట్టివేయుటయు దుర్ఘటము. వేదకాలపు మాసనామములలో మధు, మాధవ శబ్దములు వసంతమునకు చెల్లినవి. తేనెకు పూవు దూరము కాదు గదా! అమరకోశమును పరికించినచో ఆసక్తికరమైన యంశ మొకటి కనబడును. మొల్ల, అనగా కుందము, ‘మాఘ్యము’, మాఘమున పూయునది. గురువెందకు ‘వాసంతి’, ‘మాధవి’ యని పేర్లు. ఏడాకుల పొన్న ‘శారదము’. పాశ్చాత్యుల పట్టిక మాసమునకు పువ్వు నిచ్చినది. మన కోశము పువ్వునకే కాలము నిచ్చినది.

ఈ కాలనిర్ణయమును మన వ్యాఖ్యాతలు ఎంత నిశితముగా పాటించిరో మేఘసందేశ వ్యాఖ్యానమున చూడవచ్చును. ఉత్తరభాగారంభమున కాళిదాసు అలకాపుర స్త్రీల చేత కమలమును, కురులలో కుందమును, మోమున లోధ్రపరాగమును, సిగలో కురవకమును, చెవిని శిరీషమును, పాపటను కడిమిపువ్వును ఉంచెను. శరత్తు మొదలు వర్షర్తువు వఱకు ఆఱు ఋతువులును అచ్చట ఏకకాలమున నున్నవని తాత్పర్యము. మన కోలాచలము మల్లినాథసూరి ఇచ్చట ఆగి, కుందము మాఘ్యమని కోశము చెప్పుచుండగా అది శిశిరపు పువ్వు గదా, హేమంతమునకెట్లు చెల్లునని శంకించి, హేమంతమున పుట్టి శిశిరమున ప్రౌఢమగునని సమాధానము చెప్పెను. ఒక్క పువ్వు కాలమునకై యింత విచారణ! రాజశేఖరుడు కావ్యమీమాంసలో, మాలతి వసంతమున నున్నను కవులు వర్ణింపరాదను సమయమును పేర్కొనెను. ప్రకృతి వేఱు, కావ్యప్రకృతి వేఱని ఆతనికి తెలియును.

పుష్పమును సంకేతముగా శాస్త్రబద్ధ మొనర్చినవారు తమిళులు. తొల్కాప్పియమున వెట్చి పశుగ్రహణమునకు, వంజి దండయాత్రకు, ఉళిఞై కోటముట్టడికి, తుంబై పోరునకు, వాగై విజయమునకు పేర్లు. వీరుడు ఏ పువ్వు ధరించునో దానిని బట్టి యాతని కార్యము తెలియును. ఇచ్చట అర్థము పువ్వులో లేదు, కావ్యసంప్రదాయమున నున్నది. ఆ సంప్రదాయము నెఱిగినవారికే యది పలుకును.

జన్మమునకు సంబంధించి మనకు గలవి నక్షత్రవృక్షములు. కృత్తికకు మేడి, రోహిణికి నేరేడు, పుష్యమికి రావి – ఇట్లు ఇరువదియేడు. వీనిలో గుణకథనము కంటె, ఆ చెట్టును పెంచి కాపాడవలెనను విధి ప్రధానము. జన్మపుష్పముతో దీనిని పోల్చువారు ఈ భేదమును మఱువరాదు. మాసపుష్పమునకు స్పష్టముగా అర్థము చెప్పు ఆచారము మనయందు వెదకినచో, చైత్రశుద్ధ పాడ్యమినాటి వేపపువ్వు నాకు మొదట స్ఫురించుచున్నది. ఉగాది పచ్చడిలో అది కష్టమునకు గుర్తు. ఆ యర్థము శ్లేషనుండి గాని కథనుండి గాని రాలేదు, నాలుకనుండి వచ్చినది. మొగలిపువ్వు సంగతి వేఱు: అబద్ధపు సాక్ష్యము చెప్పినదను కథచే శివపూజకు వెలియైనది. భాద్రపదపు టమావాస్యతో ఆరంభమగు బతుకమ్మలో తంగేడు, గునుగు పేర్చబడును. వానికి నిఘంటువులో అర్థము వెదకుట వ్యర్థము. ఆ దినములలో తెలంగాణపు చేలగట్లపై పూచునవి అవి. అదియే వాని యధికారము.

ఇప్పుడు బంతికి వత్తము. షేక్‌స్పియరు నాటి మారిగోల్డ్ కాలెండ్యులా యనబడు మధ్యధరా ప్రాంతపు మొక్క. ప్రతి నెల మొదటి దినమునకు లాటినులో గల పేరునుండియే దానికి ఆ నామము కలిగినది. జన్మమాస పుష్పములలో మాసముతో నిజముగా పేరు గలిసినవానిలో ఇదియొకటి. మన బంతి టాజెటిస్ అను వేఱొక మొక్క, మెక్సికో ప్రాంతమునుండి ఐరోపావారి రాకతో ఇచ్చటికి చేరినది. కావున కవిత్రయమున బంతి యను పదము కనబడినచో అది యీ పువ్వు కాజాలదు. ఆంగ్లమున రెండింటికిని మారిగోల్డ్ అనియే పేరగుటచే పొరపాటు కలిగినది. ఫ్రెంచి శ్లేషతో పుట్టిన దుఃఖము ఆంగ్లమున కాలెండ్యులాకు అంటి, ఆంగ్లపు పేరుతో టాజెటిస్‌కు ప్రాకి, నిఘంటువు ద్వారా మన పెండ్లిపందిరి కెక్కినది. ఇన్ని మజిలీలలో ఎచ్చటను ఏ తెలుగు కవియు లేడు. మెక్సికోలో ఆ టాజెటిస్‌నే నవంబరు మొదట మృతుల దినమున సమాధులపై నుంతురు. ఫ్రాన్సు, ఇటలీలలో సమాధులకు చేమంతులు. జపానులో అదే చేమంతి చక్రవర్తి ముద్ర. మన యింట కార్తికమున దేవుని పటమునకు దండ.

హాతార్న్‌కు ఆంగ్లమున ‘మే’ అనియే వాడుకపేరు. 1752లో బ్రిటను పంచాంగమును సవరించి పదునొకండు దినములను త్రోసివేసినది. సెప్టెంబరు 2 తరువాత 14 వచ్చినది. నాటినుండి మే మొదటి దినపు పండుగకు ఆ పువ్వు తఱచుగా విచ్చుట లేదు. పాత ఆంగ్ల గీతములలో ఆ పండుగనాడు హాతార్న్ కొమ్మలు తెచ్చు వర్ణనలను తెలిగించువారు, అది పాత లెక్కలోని మే యని యొక్క అధోజ్ఞాపిక వ్రాసినచో చాలును.