స్టోరు గదిలో సర్వరు కాపురం
అమ్మ ఇప్పుడు లేదు. క్యాసెట్ల నుంచి ఎక్కించిన అమ్మ మంగళహారతులు, నా కథల ప్రతులు, పిల్లల ఫొటోలు నాలుగు ఫోన్లలో చెల్లాచెదురుగా ఉండేవి. అన్నిటికీ ఒక చోటుండాలని, ఓ ఆఫీసువాళ్లు తీసేసిన ఫైల్ సర్వరు కొన్నాం.

"ఈ ఇనప్పెట్టె ఏంటే?" అన్నారు అత్తగారు. ర్యాకులో బిగించే రకం కదా, ఎత్తు 3.5 అంగుళాలే, పొడవు మాత్రం బీరువా లోతు దాటింది! ఇక చప్పుడంటారా, పల్చటి పెట్టెలో పట్టేవి చిన్న ఫ్యాన్లే. గాలి చాలాలంటే మహా వేగంగా తిరగాలి. హాల్లో పెడితే టీవీ వినబడదు. అటక మీదా, ఎండాకాలం ఉడుకు. చివరికి స్టోరు గదిలో చెక్కబల్ల మీద, ముందూ వెనకా గాలాడేలా పెట్టాం.

డిస్కులు ఎన్ని గంటలు తిరిగాయో వాటిలోనే నమోదై ఉంటుంది. పాతవి చూస్తే 40 వేలు పైమాటే! కొత్తవి రెండు వేయించి, ట్రూనాస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించాం. రెండింట్లో ఒకటే సరుకు. ఒకటి పాడైనా రెండోది ఆదుకుంటుంది. అయితే ఎవరైనా ఫైలు చెరిపేస్తే రెండింట్లోనూ పోతుంది సుమండీ! అందుకే అమ్మ పాటలు ఇంకో డిస్కులోకెక్కించి చెల్లెలింట్లో దాచాను.

150 వాట్ల చొప్పున రాత్రింబవళ్లు నడిస్తే నెలకి 108 యూనిట్లు. లెక్క చూసి మావారు మొహం ముడుచుకున్నారు. ఇప్పుడు రాత్రి 7 నుంచి 10 దాకానే వేస్తున్నాం. ఆ వేళకి పిల్లలు అమ్మమ్మ పాట పెట్టమంటారు. అత్తగారూ వచ్చి కూర్చుంటారు, ఆ హోరుని విసుక్కుంటూనే.