సాక్షి ఉన్న ఆట: జపాన్ గేమ్ సెంటర్ల వెలుగులో తిరుపతి, చిత్తూరు ఆటల సంస్కృతి

వ్యాససంగ్రహం

ఆటను నియమాల సమాహారంగా మాత్రమే చూస్తే ఆట జరిగే చోటు, దానిని చూసే జనం పరిశీలనకు అందకుండా పోతారు. హాథీరాం బావాజీ పాచికల కథ, పులిజూదం, పశువుల పండుగ, 1990ల నాటి వీడియోగేము దుకాణం, నేటి చరవాణి ఆట అనే ఐదు దశలను జపాన్ గేమ్ సెంటర్ల చరిత్రతో పోల్చి, ఆటకు హద్దును ఏర్పరచేది ప్రధానంగా ‘సాక్షి’ అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆన్‌లైన్ ఆటల నియంత్రణపై జరుగుతున్న చర్చకు ఈ ప్రతిపాదన ఎలా ఉపకరిస్తుందో వివరిస్తుంది.

కీలకపదాలు: ఆటస్థలం, సాక్షి, పులిజూదం, గేమ్ సెంటర్, హాథీరాం బావాజీ, ఆన్‌లైన్ ఆటలు.

1. ఉపోద్ఘాతం

జానపద విజ్ఞానంలో ఆటలను ఆడేవారి వయసును బట్టి, లింగాన్ని బట్టి, వాడే వస్తువులను బట్టి వర్గీకరించడం పరిచితమైన పద్ధతి. ఆరుబయట ఆటలు, ఇంటిపట్టున ఆడే ఆటలు అన్న విభజన కూడా ఉంది. వీడియోగేము ఈ గళ్ళలో సులభంగా ఇమడదు. అది యంత్రం మీద ఆడే ఆట. అయినా ఒకప్పుడు వీధిలోని దుకాణంలో పదిమంది మధ్య సాగింది, ఇప్పుడు దుప్పటి కింద ఒంటరిగా సాగుతోంది. ఆట మారలేదు, చోటు మారింది. చోటుతోపాటు ఆట అర్థం కూడా మారిందా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

పరిశీలనకు తిరుపతి, చిత్తూరు ప్రాంతం అనువైనది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరుపడినా, ఆచారవ్యవహారాల్లో ఈ రెండు జిల్లాలది ఒకే నేల. దేవుడే పాచికలాడిన కథ ఇక్కడ ప్రచారంలో ఉంది. 1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడినప్పటి నుంచి తిరుపతి విద్యార్థుల పట్టణంగా కూడా పెరిగింది.

2. మఠంలో పాచికలు: సాక్షి లేని ఆట

ఉత్తరాది నుంచి తిరుమలకు వచ్చి స్థిరపడిన బావాజీ భక్తికి మెచ్చి, శ్రీవేంకటేశ్వరస్వామి రాత్రివేళ అతని నివాసానికి వచ్చి పాచికలాడేవాడని స్థలకథ. ఒకనాడు స్వామి తన ఆభరణాన్ని అక్కడే మరచి వెళ్ళగా, బావాజీ మీద దొంగతనం మోపారు. గదినిండా చెరకుగడలు పెట్టి, తెల్లవారేలోగా తినగలిగితే అతని మాట నమ్ముతామన్నారు. స్వామి ఏనుగు రూపంలో వచ్చి చెరకంతా తిన్నాడు. అతడు హాథీరాం అయ్యాడు. ఆ పరంపరకు చెందిన మహంతులే 1843 నుంచి 1933 వరకు తిరుమల ఆలయ పరిపాలన నిర్వహించారు. 2017లో వచ్చిన ‘ఓం నమో వేంకటేశాయ’ చిత్రానికి ఆధారం ఈ కథే.

భక్తిపరంగా ఇది భగవంతుని సౌలభ్యాన్ని చెప్పే కథ. ఆటల అధ్యయనం దృష్టితో చదివితే మరొక అంశం కనిపిస్తుంది. ఈ కథలో పాచికలాడడం తప్పు కాదు, ఆడినవాడు స్వయంగా దేవుడు. చిక్కంతా ఆ ఆటను మూడో మనిషి చూడకపోవడంలో ఉంది. చూసినవాడు లేడు గనుక ఆభరణం ఆటలో మిగిలిందో, అపహరణకు గురైందో చెప్పేవారు లేకపోయారు. చివరకు ఏనుగు రావలసివచ్చింది. ఆ ఏనుగు ఆలస్యంగా వచ్చిన సాక్షి.

3. మండపం, వాకిలి, వీధి: సాక్షి ఉన్న ఆటలు

దక్షిణాది ఆలయ మండపాల నేలమీద, రచ్చబండల మీద చెక్కిన గీతలు పరిశోధకులకు కొత్త కాదు. వాటిలో ఎక్కువగా గుర్తించదగినది పులిజూదం, అంటే పులి-మేక. సాధారణ రూపంలో ఒకరివి మూడు పులులు, మరొకరివి పదిహేను మేకలు. పులి దూకి మేకను చంపుతుంది, మేకలు గుంపుగా కూడి పులిని కదలనీయకుండా కట్టేస్తాయి. బలం ఒకవైపు, సంఖ్య మరొకవైపు ఉన్న ఈ ఆటను ఆడేది ఇద్దరే అయినా, ఎత్తులు చెప్పేది చుట్టూ కూర్చున్నవారు. రాతిమీద శాశ్వతంగా గీసిన పటం ఆటను ఆ చోటికి కట్టివేసింది. ఆడదలచినవారు నలుగురూ వచ్చిపోయే చోటికే రావాలి.

పేరులో ‘జూదం’ ఉన్నా ఈ ఆటకు పందెం అవసరం లేదు. సంస్కృత ‘ద్యూత’ శబ్దం నుంచి వచ్చిన ఈ మాట తెలుగులో పందెం లేని ఆటకు కూడా చెల్లింది. ఆటకూ జూదానికీ మధ్య గీత మాటలో లేదు, ఆడే తీరులో ఉంది. ఆ తీరును కనిపెట్టి ఉండేది చుట్టూ ఉన్న జనం.

అష్టాచెమ్మా, వామనగుంటలు ఎక్కువగా స్త్రీల ఆటలుగా వాకిళ్ళలో, అరుగుల మీద సాగాయి. వైకుంఠ ఏకాదశి జాగరణలో పరమపదసోపాన పటం ఆడడం వైష్ణవ కుటుంబాల్లో ఆచారం. అక్కడ పాము మింగడం, నిచ్చెన ఎక్కడం అందరి ఎదుటా జరిగేవే. సంక్రాంతి రోజుల్లో చంద్రగిరి మండలం ఎ. రంగంపేటలో జరిగే పశువుల పండుగలో ఎద్దుల కొమ్ములకు కట్టిన పలకలను యువకులు వీధిలో జనం మధ్య లాక్కుంటారు. అక్కడ చూసేవారు లేకపోతే గెలుపునకు అర్థమే లేదు.

4. నాణెంతో తెరుచుకొన్న చోటు: జపాన్ గేమ్ సెంటర్

1978లో టైటో సంస్థ విడుదల చేసిన ‘స్పేస్ ఇన్వేడర్స్’ జపాన్‌లో కేవలం ఆ ఆట యంత్రాలతో నిండిన దుకాణాలు వెలిసేంత ఆదరణ పొందింది. వంద యెన్ల నాణెం వేస్తే ఆట మొదలవుతుంది, ఓడితే వంతు ముగుస్తుంది. యంత్రం మనిషిని ఎంతసేపు నిలబెట్టాలో అతని నైపుణ్యమూ, జేబులోని నాణేలూ నిర్ణయించేవి. 1980లో నామ్కో సంస్థ తెచ్చిన ‘పాక్‌మాన్’ను రూపకర్త తోరు ఇవతాని స్త్రీలను కూడా ఆకర్షించాలన్న ఉద్దేశంతో రూపొందించాడు. 1991లో క్యాప్‌కామ్ ‘స్ట్రీట్ ఫైటర్ 2’ రావడంతో యంత్రంతో పోటీ స్థానంలో మనిషితో పోటీ ప్రధానమైంది. పక్కవాడిని ఓడించినవాడు కుర్చీలో కొనసాగుతాడు, ఓడినవాడు లేచి వరుసలో నిలబడతాడు, వెనుక నిలబడినవారు చూసి నేర్చుకొంటారు. కొన్ని గేమ్ సెంటర్లలో ఆటగాళ్ళు మెలకువలు, సవాళ్ళు రాసి ఉంచే నోటుపుస్తకాలు కూడా ఉండేవి. రచ్చబండ దగ్గర ఎత్తులు చెప్పే పెద్దమనిషి చేసే పనినే అక్కడ ఆ పుస్తకం చేసింది.

ఈ చోటును జపాన్ ప్రభుత్వం నిషేధించలేదు, హద్దులు పెట్టింది. 1984లో సవరించి 1985లో అమలులోకి తెచ్చిన చట్టం గేమ్ సెంటర్లను అనుమతి పొందవలసిన వ్యాపారాల కిందికి చేర్చి, అర్ధరాత్రి తరువాత నడపరాదంది. మైనర్ల ప్రవేశానికి వేళలు ఏర్పడ్డాయి. ఈ నియంత్రణ సాధ్యం కావడానికి కారణం సులభం: తలుపు ఉంది, తలుపు దగ్గర మనిషి ఉన్నాడు, గోడకు గడియారం ఉంది.

తరువాతి కథ క్షీణత. 1986లో 26 వేలకు పైగా ఉన్న కేంద్రాలు 2019 నాటికి సుమారు 4 వేలకు తగ్గాయి. ఇంటి యంత్రాలు, చరవాణులు, ఆపై కోవిడ్ దీనికి తోడయ్యాయి. 2020 ఆఖరులో సెగా సంస్థ తన గేమ్ సెంటర్ల వ్యాపారంలో అధిక వాటాను జెండా అనే సంస్థకు అమ్మివేసింది. మరోవైపు, దుకాణాల ముందుండే బొమ్మల గుళికల యంత్రం పేరుతోనే ‘గచ’ అనే పద్ధతి చరవాణి ఆటల్లోకి ప్రవేశించింది. డబ్బు కట్టిన తరువాత ఏ వస్తువు వస్తుందో తెలియని ఈ పద్ధతిలో, నిర్ణీత వస్తువులన్నీ సమకూరితేనే బహుమతి దక్కే రూపాన్ని 2012లో జపాన్ వినియోగదారుల సంస్థ చట్టవిరుద్ధంగా పరిగణించింది. వీధిలోని గుళికల యంత్రం ముందు పిల్లవాడు ఎన్ని నాణేలు వేశాడో పక్కనున్నవారికి కనిపించేది. తెరమీద అది కనిపించదు.

5. జపాన్ ఆట తెలుగునాట

జపాన్ గేమ్ సెంటర్ తెలుగు పట్టణాలకు రాలేదు గాని, దాని ఆటలు వచ్చాయి. నింటెండో 1983లో విడుదల చేసిన ‘ఫ్యామిలీ కంప్యూటర్’కు నకళ్ళుగా తయారైన చవక యంత్రాలు 1990లలో భారతీయ పట్టణాలకు చేరాయి. 1987లో గేమ్ సెంటర్ యంత్రంగానే పుట్టిన కొనామి వారి ‘కాంట్రా’, 1985 నాటి ‘సూపర్ మారియో’ ఆ క్యాసెట్ల ద్వారానే ఇక్కడి పిల్లలకు తెలిశాయి. గంటకు, అరగంటకు ఇంత అని వసూలు చేసే వీడియోగేము దుకాణంలో ఒక టీవీ, రెండు రిమోట్లు, వెనుక వంతు కోసం ఎదురుచూసే పిల్లలు. జపాన్‌లో నాణెం చేసిన పనిని ఇక్కడ దుకాణదారు గడియారం చేసింది. ‘కాంట్రా’ ఇద్దరు భుజం భుజం కలిపి ఆడే ఆట కావడం యాదృచ్ఛికమే అయినా, వంతులకు అలవాటుపడిన సమాజానికి అది సరిగా సరిపోయింది.

2000 తరువాత ఇంటర్నెట్ కేంద్రాల్లో ‘కౌంటర్ స్ట్రైక్’ వంటి ఆటలు ఒకే గదిలోని కంప్యూటర్లను కలిపాయి. అక్కడ కూడా శత్రువు పక్క కుర్చీలోనే ఉన్నాడు. 2016లో చవక డేటా అందుబాటులోకి రావడంతో ఆ గది అవసరం తీరిపోయింది.

6. చట్టం వెతికే చోటు

భారతదేశంలో జూద నిరోధక చట్టాలు చాలాకాలం ‘జూదగృహం’ అన్న భావన చుట్టూ నిర్మితమయ్యాయి. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కూడా ఆ సంప్రదాయంలోనిదే. సికింద్రాబాదులోని ఒక క్లబ్బుకు సంబంధించి 1968 నాటిదిగా ప్రసిద్ధమైన సత్యనారాయణ కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆటగా పేర్కొంది. అదే తీర్పు, ఆట నుంచి క్లబ్బు లాభం పొందితే సంగతి వేరన్న ఆలోచనకు కూడా తావిచ్చింది. అంటే న్యాయస్థానం ఆటను, ఆట జరిగే ఇంటిని వేరువేరుగా చూసింది.

ఆన్‌లైన్ ఆటకు ఇల్లు లేదు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్‌జీతో సహా 118 అనువర్తనాలను నిషేధించింది. అదే నెల 25న ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్సు ద్వారా ఆన్‌లైన్ జూదాన్ని చట్టపరిధిలోకి తెచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను, నైపుణ్యమా అదృష్టమా అన్న భేదం చూడకుండా నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. చోటు మాయమైనప్పుడు చట్టం చోటును వదలి డబ్బును పట్టుకోవలసివచ్చింది. అప్పుల పాలైన కుటుంబానికి ఆ ఆట సంగతి తరచుగా అంతా అయిపోయిన తరువాతే తెలుస్తుంది. బావాజీ కథలో లాగా ఇక్కడ కూడా పోయిన వస్తువు కోసం వెతికేటప్పుడే ఆట బయటపడుతుంది. ఏనుగు మాత్రం రాదు.

7. సాక్షి బరువు

ఈ వాదాన్ని గతాన్ని మెచ్చుకోవడంగా పొరబడరాదు. సాక్షి కాపలాదారు కూడా. రచ్చబండ మీద ఎవరు కూర్చోవచ్చు, ఎవరు దూరంగా నిలబడాలి అన్నది కులం నిర్ణయించింది. వీడియోగేము దుకాణం చాలావరకు మగపిల్లల చోటుగానే మిగిలింది. జపాన్‌లో కూడా గేమ్ సెంటర్‌కు బాలికలు పెద్దసంఖ్యలో రావడానికి 1995లో మొదలైన ఫొటో స్టిక్కర్ల యంత్రం కారణమైంది. చరవాణి ఆట వాకిలి దాటలేని ఆడపిల్లకు, ఊరి చూపుకు జంకే పిల్లవాడికి మొదటిసారి ఆటను అందించింది. సాక్షి లేకపోవడం ఒకరికి ప్రమాదమైతే మరొకరికి ఊపిరి. అందువల్ల చూపును తిరిగి తేవడం మాత్రమే పరిష్కారం కాదు. ఎవరి చూపు, ఎంతమేరకు అన్నది తేల్చుకోవాలి.

8. ముగింపు

పులిజూదం రాయి, జపాన్ నాణెం, దుకాణం గడియారం మూడూ ఒకే పని చేశాయి. ఆట ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో నలుగురికీ కనిపించేలా చేశాయి. చరవాణి ఆటలో ఆ హద్దు ఆటగాడి మనసులోకి, ఆట నిర్మించిన సంస్థ లెక్కలోకి మారింది. నైపుణ్యమా అదృష్టమా అన్న ప్రశ్నకు తోడు, ఈ ఆటను చూసేది ఎవరు అన్న ప్రశ్నను కూడా పరిశోధన చేర్చుకోవాలి. విశ్వవిద్యాలయాల జానపద, సామాజికశాస్త్ర విభాగాలు ఆలయ మండపాల గీతలను నమోదు చేసే శ్రద్ధతోనే మూతబడిన వీడియోగేము దుకాణాలను, వాటిలో ఆడిన తరం జ్ఞాపకాలను కూడా నమోదు చేయవలసి ఉంది. రాతిమీది గీతలు మరికొన్ని శతాబ్దాలు నిలుస్తాయి. ఆ దుకాణాల్లో వంతు కోసం నిలబడినవారి జ్ఞాపకానికి అంత వ్యవధి లేదు.