గేరు కుదుపు: యంత్రం తప్పా, లెక్క తప్పా

కోనసీమలో కాలువ గట్లే రోడ్లుగా మారిన చోట్లు చాలా ఉన్నాయి. కాట్రేనికోనలో బయలుదేరిన కారు ముమ్మిడివరం దగ్గర 216వ నంబరు జాతీయ రహదారి ఎక్కేలోగా కొబ్బరికాయల ట్రాక్టరు వెనక నెమ్మదించాలి, కాలువ వంతెన ఎక్కి దిగాలి, ఊరి మొదట్లో స్పీడు బ్రేకరు దగ్గర దాదాపు ఆగి మళ్లీ కదలాలి. అందుచేత ఆ దారిలో అది ఎక్కువసేపు ఒకటి, రెండు, మూడు గేర్ల మధ్యే తిరుగుతుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో లోపమంటూ ఉంటే అది ముందుగా బయటపడేది కూడా తరచుగా ఈ కింది గేర్లలోనే. గేరు పడిన ప్రతిసారీ బండి ముందుకు తూలుతుంది, అడుగున ఠక్కుమని చప్పుడు వస్తుంది, లేదా ఇంజిను ఒక్క క్షణం ఊరికే అరిచి ఆ తర్వాత బండి ఒక్కసారిగా అందుకుంటుంది. ఒకప్పుడు ఇలాంటి కుదుపు మొదలైతే గేర్‌బాక్స్ దించవలసిందేనని మెకానిక్కులు తేల్చేవారు. ఇప్పుడు స్టీరింగు కింద ఒక కేబులు తగిలించి, గేర్లను నడిపే కంప్యూటర్‌లోని ప్రోగ్రామును మార్చి కుదుపును పోగొట్టే పద్ధతి వచ్చింది. ఆ పద్ధతి దేనిని బాగుచేయగలదో, దేనిని బాగుచేయలేదో తెలుసుకోవడం, ఏళ్ల తరబడి కూడబెట్టి కారు కొన్న కుటుంబానికి ఎంతో అవసరం.

గేరు మార్చేది ఎవరు

మామూలు కారులో గేరు మార్చే పని డ్రైవరు ఎడమ కాలు, ఎడమ చెయ్యి కలిసి చేస్తాయి. క్లచ్ తొక్కితే ఇంజినుకూ గేర్‌బాక్స్‌కూ లంకె తెగుతుంది. గేరు మార్చి క్లచ్‌ను మెల్లగా వదిలితే లంకె మళ్లీ కుదురుతుంది. ఆ మెల్లగా వదలడంలోనే డ్రైవరు నేర్పు ఉంది. ఈ పనిని పూర్తిగా యంత్రానికి అప్పగించిన గేర్‌బాక్స్‌ను పెద్ద ఎత్తున తయారుచేసి అమ్మిన తొలి సంస్థ అమెరికాకు చెందిన జనరల్ మోటార్స్; 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో హైడ్రామాటిక్ అనే పేరుతో అది వచ్చింది. అప్పట్లో గేరు ఎప్పుడు మారాలో నిర్ణయించినవి స్ప్రింగులు, వాల్వులు, నూనె ఒత్తిడి మాత్రమే. 1980ల నుంచి ఆ నిర్ణయం క్రమంగా కంప్యూటర్ చేతికి వెళ్లింది.

మన దేశంలో ఇప్పుడు ఆటోమేటిక్ అనే ఒకే పేరు కింద నాలుగు రకాల గేర్‌బాక్స్‌లు నడుస్తున్నాయి. 2014 ఫిబ్రవరిలో మారుతీ సుజుకీ సెలేరియోతో సామాన్యులకు అందుబాటులోకి వచ్చిన ఏఎంటీ రకం మొదటిది. ఇందులో గేర్‌బాక్స్ మామూలుదే కాని, క్లచ్ నొక్కడం, గేరు మార్చడం యాక్చువేటర్ అనే పరికరం చేస్తుంది. ఇంజిను శక్తిని నూనె ద్వారా అందించే టార్క్ కన్వర్టర్ రకం రెండవది. మెట్లుగా గేర్లు లేకుండా, రెండు కప్పీల మధ్య బెల్టుతో నిష్పత్తిని నిరంతరం మార్చుకుంటూ పోయే సీవీటీ మూడవది. ఒక క్లచ్ బేసి గేర్లను, మరొకటి సరి గేర్లను పట్టుకునే రెండు క్లచ్‌ల డీసీటీ నాలుగవది. నాలుగింటి నిర్మాణం వేరైనా, అన్నింటినీ నడిపేది ట్రాన్స్‌మిషన్ కంట్రోల్ మాడ్యూల్ అనే చిన్న కంప్యూటర్. మెకానిక్కులు దీన్ని టీసీఎం అంటారు.

అర సెకను పని

టీసీఎంకు ఒక్కొక్క క్షణం అందే సమాచారం చాలా ఉంటుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కారు, బ్రేకు మీద కాలు ఉందా, బండి వేగం ఎంత, గేర్‌బాక్స్‌లోకి వచ్చే ఇరుసు ఎంత వేగంతో తిరుగుతోంది, బయటికి వెళ్లే ఇరుసు ఎంత వేగంతో తిరుగుతోంది, నూనె ఎంత వేడెక్కింది అన్న లెక్కలను సెన్సర్లు నిరంతరం చెబుతూనే ఉంటాయి. ఏ వేగం దగ్గర, యాక్సిలరేటర్ ఎంత తొక్కినప్పుడు ఏ గేరు పడాలో చెప్పే పట్టిక టీసీఎం జ్ఞాపకంలో ముందే రాసి ఉంటుంది. దాన్ని ఇంజినీర్లు షిఫ్ట్ మ్యాప్ అంటారు. ఉదాహరణకు టార్క్ కన్వర్టర్ రకంలో, ఆ పట్టిక ప్రకారం గేరు మార్చే వేళ కాగానే సోలినాయిడ్ అనే విద్యుత్ వాల్వులకు కరెంటు వెళుతుంది, వాల్వు తెరుచుకున్న మేరకు నూనె ఒత్తిడి క్లచ్ పళ్లేలను దగ్గరికి నెడుతుంది, పాత క్లచ్ వదులుతుంటే కొత్త క్లచ్ పట్టుకుంటుంది. ఇదంతా అర సెకను అటూ ఇటూగా ముగిసిపోతుంది.

ఈ పనిలో సున్నితం ఎక్కడుందో కాలువ లాకులు చూసిన కోనసీమ వాసులకు సులభంగా బోధపడుతుంది. ఎగువ నీటిమట్టమూ దిగువ నీటిమట్టమూ వేరుగా ఉన్నప్పుడు తలుపులు ఒక్కసారిగా తెరిస్తే పడవ తలకిందులవుతుంది. చిన్న తూముల గుండా నీరు వదిలి రెండు మట్టాలూ సమానం చేశాక తెరిస్తే పడవ కదిలినట్టే తెలియదు. గేర్‌బాక్స్‌లో సమానం కావలసినవి రెండు వేగాలు. క్లచ్ మీద ఒత్తిడి మరీ తొందరగా పెరిగితే ఆ రెండూ ఒక్క దెబ్బకు కలుస్తాయి, బండి తూలుతుంది. మరీ ఆలస్యంగా పెరిగితే పాత క్లచ్ వదిలేసి, కొత్త క్లచ్ ఇంకా పట్టకముందే ఇంజిను ఊరికే పైకి లేచి, ఆ తర్వాత దెబ్బ తగులుతుంది. దెబ్బ తగలకుండా ఆ కొద్ది క్షణాల పాటు శక్తి తగ్గించమని టీసీఎం ఇంజిను కంప్యూటర్‌ను కూడా కోరుతుంది. ఈ కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీగల వ్యవస్థ పేరు క్యాన్. జర్మనీకి చెందిన బాష్ సంస్థ దాన్ని 1986లో లోకానికి పరిచయం చేసింది.

క్లచ్ పళ్లేలు అరిగేకొద్దీ పట్టుకోవడానికి పట్టే సమయం మారుతుంది కాబట్టి, ప్రతి గేరు మార్పు తర్వాతా ఫలితాన్ని కొలిచి, తరువాతి సారికి ఒత్తిడిని కొంచెం సవరించుకునే గుణాన్ని కూడా టీసీఎంలో పెట్టారు. దీనినే అడాప్టేషన్ అంటారు. అయితే ఈ సవరణకు హద్దులున్నాయి. అరుగుదల ఆ హద్దు దాటితే కంప్యూటర్ ఇక సర్దుకోలేదు, కుదుపు మొదలవుతుంది.

ప్రోగ్రాము తిరగరాయడం

కొత్త కారులోనే కుదుపు ఉంటే తప్పు చాలాసార్లు పట్టికలో ఉంటుంది. మైలేజీ కోసం, పొగ నిబంధనల కోసం పై గేరు తొందరగా పడేలా పట్టిక రాసినప్పుడు, మెల్లగా పాకే దారుల్లో బండి ఒకటికీ రెండుకీ మధ్య ఎటూ తేల్చుకోలేక పదేపదే గేరు మారుస్తుంది. వేలాది బండ్లు రోడ్డెక్కి ఫిర్యాదులు వచ్చాక, తయారీదారు ఆ అంకెలను సవరించి కొత్త ప్రోగ్రామును సర్వీసు సెంటర్లకు పంపుతాడు. దాన్ని టీసీఎం జ్ఞాపకంలో పాతదాని స్థానంలో రాయడాన్నే రీప్రోగ్రామింగ్ లేదా ఫ్లాషింగ్ అంటారు.

ఇందుకు వాడేది స్టీరింగు కింద ఉండే పదహారు పిన్నుల ఓబీడీ సాకెట్టు. బండి తన లోపాలను తానే గమనించి నమోదు చేసే ఈ ఓబీడీ పద్ధతి అమెరికాలో 1996 మోడళ్ల నుంచి తప్పనిసరి అయింది; మన దేశంలో బీఎస్-4 పొగ నిబంధనల కాలంలో, 2013 నాటికి కార్లన్నింటికీ వర్తించింది. సాకెట్టుకు కేబులు తగిలించి, టీసీఎంలో ఇప్పుడున్న ప్రోగ్రాము సంఖ్యను చదివి, ఆ బండికి కొత్తది ఉందో లేదో సరిచూస్తారు. తర్వాత బ్యాటరీకి బయటి నుంచి నిలకడైన కరెంటు పెడతారు. పాత ప్రోగ్రాము చెరిగి కొత్తది ఇంకా పూర్తికాకముందు కరెంటు పడిపోతే టీసీఎం పలకడమే మానేయవచ్చు కాబట్టి, కరెంటు కోతలున్న ఊళ్లలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. రాయడం పూర్తయ్యాక పాత అడాప్టేషన్ విలువలను చెరిపి, నూనె నిర్ణీత వేడికి చేరాక, ప్రతి గేరూ పడేలా బండిని పద్ధతిగా నడిపి, టీసీఎం మళ్లీ నేర్చుకునేలా చేయాలి. ఏఎంటీ బండిలో క్లచ్ సరిగ్గా ఎక్కడ పట్టుకుంటుందో కూడా కొత్తగా నేర్పాలి. ఈ చివరి మెట్టు ఎగ్గొడితే ప్రోగ్రాము మారినా కుదుపు పోదు, ఒక్కొక్కప్పుడు పెరుగుతుంది కూడా.

ఇక్కడ వినియోగదారులు గందరగోళపడే మూడు పనులున్నాయి. స్కానర్ పెట్టి తప్పుల జాబితాను చెరపడం మొదటిది. దీనివల్ల డాష్‌బోర్డు మీద దీపం ఆరుతుందే కాని తప్పు పోదు. అడాప్టేషన్ చెరపడం రెండవది. ఇది కంప్యూటర్ నేర్చుకున్నది మరిపించి మళ్లీ నేర్పడం మాత్రమే. ప్రోగ్రాము తిరగరాయడం మూడవది. మొదటిదో రెండవదో చేసి మూడవదానిగా చెప్పడానికి వీలుంది కాబట్టి, పాత ప్రోగ్రాము సంఖ్య, కొత్త సంఖ్య రెండూ బిల్లు మీద రాయించుకోవడమే రుజువు.

ప్రోగ్రాముకు లొంగని లోపాలు

లెక్కలో ఉన్న తప్పును లెక్కతో దిద్దవచ్చు. లోహంలో, నూనెలో, తీగలో ఉన్న తప్పును లెక్కతో దిద్దలేము. ఈ సత్యానికి ప్రపంచం చెల్లించిన మూల్యం పెద్దదే. ఫోర్డ్ సంస్థ ఫియస్టా, ఫోకస్ కార్లలో వాడిన పవర్‌షిఫ్ట్ అనే పొడి డీసీటీ వణుకుతోందని వేల ఫిర్యాదులు రాగా, ప్రోగ్రామును మళ్లీ మళ్లీ మార్చినా చాలా బండ్లలో వణుకు ఆగలేదు. ఇరుసు సీళ్ల నుంచి నూనె కారి పొడిగా ఉండవలసిన క్లచ్ మీద పడడం దానికి ఒక కారణం. ఆస్ట్రేలియాలో కొందరు కొనుగోలుదారులకు ఆ వణుకు వారి డ్రైవింగు తీరువల్లే వస్తోందని చెప్పి పంపినందుకు, 2018 ఏప్రిల్‌లో అక్కడి ఫెడరల్ కోర్టు ఫోర్డ్ ఆస్ట్రేలియాకు కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా విధించింది. ఫోక్స్‌వ్యాగన్ 2013 మార్చిలో చైనాలో 3 లక్షల 80 వేలకు పైగా కార్లను డీఎస్‌జీ అని తాను పిలిచే డీసీటీ గేర్‌బాక్స్ లోపం వల్ల వెనక్కి పిలిచింది.

ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్న ఉదాహరణ కియా. 2019 నుంచి అనంతపురం సీమలోని పెనుకొండ దగ్గర కార్లు తయారుచేస్తున్న ఈ సంస్థ, 2023 ఫిబ్రవరి, జూలై మధ్య తయారైన 4,358 సెల్టోస్ పెట్రోల్ సీవీటీ కార్లను 2024 ఫిబ్రవరిలో వెనక్కి పిలిచింది. గేర్‌బాక్స్‌కు నూనె తోడే ఎలక్ట్రానిక్ పంపును నడిపే కంట్రోలర్‌లో లోపం ఉండవచ్చన్నది కారణం. పరిష్కారం ఆ పరికరాన్ని మార్చడం. లోపం ఎక్కడుందో తయారీదారే గుర్తించి, యజమానులకు తానే కబురు చేసి, ఖర్చు లేకుండా సరిచేయడం ఇలా వెనక్కి పిలిచే పద్ధతిలోని మేలు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 110ఏ సెక్షన్ ఇటువంటి లోపాలున్న బండ్లను వెనక్కి పిలిపించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది. దానికి సంబంధించిన నియమాలు 2021 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్నాయి.

కాట్రేనికోన వంటి తీరపు మండలంలో మరికొన్ని కారణాలు తోడవుతాయి. ఉప్పుగాలికి విద్యుత్ కనెక్టర్ల పిన్నులు, బాడీకి బిగించిన ఎర్త్ తీగలు చిలుము పడతాయి. పిన్ను దగ్గర కరెంటు కాస్త తగ్గినా సోలినాయిడ్ అడిగినంత తెరుచుకోదు, కుదుపు పుడుతుంది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటి లంక గ్రామాలను ముంచెత్తింది. అలాంటి వరదలో నీటిలో నిలిచిన బండికి గేర్‌బాక్స్ నూనెలో నీరు చేరి ఉందేమో ముందు చూడాలి. నీరు కలిసిన నూనెతో అరుగుతున్న క్లచ్‌కు కొత్త ప్రోగ్రాము రాసినందువల్ల ఒరిగేది లేదు, లోపం దాగి నష్టం పెరగడం తప్ప.

అందువల్ల వరస ముఖ్యం. ఇంజిను, గేర్‌బాక్స్‌లను మోసే రబ్బరు మౌంటింగులు పగిలాయేమో చూడాలి. తయారీదారు చెప్పిన రకం నూనె, చెప్పిన మట్టంలో, చెప్పిన వేడి దగ్గర ఉందేమో చూడాలి. బ్యాటరీ వోల్టేజీ, ఎర్త్ తీగలు, కనెక్టర్లు చూడాలి. టీసీఎంలో నమోదైన తప్పులను, అడాప్టేషన్ విలువలను చదవాలి; విలువలు హద్దుకు చేరితే అది అరుగుదలకు గుర్తు. ఇవన్నీ సవ్యంగా ఉండి, తయారీదారు దగ్గర కొత్త ప్రోగ్రాము ఉన్నప్పుడే తిరగరాయడం సరైన చికిత్స. ఎవరో తయారుచేసిన ట్యూనింగ్ ఫైలు తక్కువ ధరకు రాయించుకుంటే వారంటీ పోవడమే కాక, క్లచ్ మీద తయారీదారు అనుకోని భారం పడే ప్రమాదం ఉంది.

తెలుసుకునే హక్కు

ప్రోగ్రాము తిరగరాసే పని మంచిచెడ్డలను నిర్ణయించే సమాచారమంతా ఇప్పుడు తయారీదారుల సర్వర్లలో, అధికృత సర్వీసు సెంటర్ల లాగిన్ల వెనక ఉంది. డీజిలింజిను చప్పుడు విని లోపం చెప్పగల మెకానిక్కులు కోనసీమ షెడ్లలో ఎంతమందో ఉన్నారు. వారికి లేనిది తెలివి కాదు, ఆ సమాచారం. మరమ్మతు హక్కు పేరుతో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో ఒక కమిటీని వేసి, అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్‌ను ప్రారంభించింది; అందులో చేర్చిన నాలుగు రంగాల్లో మోటారు వాహనాలూ ఉన్నాయి. మాన్యువళ్లు, విడిభాగాల వివరాలు అందరికీ అందుబాటులో ఉంచాలన్నది దాని ఉద్దేశం. ప్రోగ్రాముల సంఖ్యలు, వాటిలో మారినదేమిటో చెప్పే నోట్లు, లోపం పట్టే పరీక్షల క్రమం కూడా ఆ జాబితాలోకి రావాలి.

చేసిన పని చూపించకుండా తీసుకునే సొమ్ముకు న్యాయం లేదు. గేర్‌బాక్స్ విప్పినప్పుడు అరిగిన పళ్లేన్ని యజమాని చేతిలో పెట్టి చూపించేవారు. ప్రోగ్రాము మార్చినప్పుడు కూడా ముందు ఏముందో, ఇప్పుడు ఏముందో, ఏ లోపానికి ఆ మార్పు అవసరమైందో కాగితం మీద చూపించాలి. అమలాపురం షోరూమ్‌లోనైనా, కాట్రేనికోన షెడ్డులోనైనా ఆ కాగితం అడిగి తీసుకోవడం యజమాని హక్కు, ఇవ్వడం మరమ్మతు చేసినవారి బాధ్యత.