స్కూల్ కమిటీ ఎన్నికలు: ప్యానెల్‌కు ఓటేసే ముందు

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతంలో స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఎన్నికలంటే "మనకెందుకులే, పెద్దలు చూసుకుంటారు" అనేవాళ్లు మనలోనూ ఉన్నారు. కానీ ఈ ఓటు పెద్దలది కాదు, ప్రభుత్వ బడిలో పిల్లలు చదివే అమ్మానాన్నలది.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. మన రాష్ట్రంలో 2024 ఆగస్టు 8న ఈ ఎన్నికలు జరిగాయి. తరగతికి ముగ్గురు చొప్పున ఎన్నికవుతారు. వాళ్లే చైర్మన్‌ను, వైస్ చైర్మన్‌ను ఎన్నుకుంటారు. పదవీకాలం రెండేళ్లు.

పార్టీ గుర్తులుండవు. అయినా కొన్నిచోట్ల ఒక వర్గం వాళ్లు అన్ని తరగతులకూ పేర్లు రాసుకుని ప్యానెల్‌గా ఇంటింటికీ తిరుగుతారు. అలా రావడం తప్పు కాదు. అయితే ఆరో తరగతి పిల్లల తల్లిదండ్రులు ఆ తరగతి ముగ్గురినే ఎన్నుకుంటారు. ప్యానెల్ మొత్తానికీ తలూపాల్సిన పనిలేదు, మీ తరగతి పేర్లు చూడండి.

వాళ్లను ఏం అడగాలి? మీటింగులకు వస్తారా? మధ్యాహ్న భోజనం, ఆడపిల్లల టాయిలెట్లు, నిధుల లెక్కలు చూస్తారా? ఉర్దూ టీచర్ లేకపోతే ఏం చేస్తారు? కమిటీ టీచర్‌ను నియమించలేదు. కానీ ఎంతమంది కావాలో స్కూల్ అభివృద్ధి ప్రణాళికలో రాయించగలదు. కాగితం మీద లేని అవసరం పైవాళ్లకు కనిపించదు.

ఓటర్ల జాబితా బడిలోనే పెడతారు. పేరు లేకపోతే ముందే హెడ్మాస్టర్‌కు చెప్పండి. అమ్మలూ, మీరూ నిలబడండి. ఆ సగం సీట్లు మీవే.