డాడ్జర్స్–యాంకీస్ వరల్డ్ సిరీస్: చూపులన్నీ బ్యాటర్లపైనే, తేల్చేది మాత్రం పిచర్ల నిల్వ

లాస్ ఏంజెలిస్, అక్టోబర్ 24: అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో ఏటా విజేతను నిర్ణయించే వరల్డ్ సిరీస్ శుక్రవారం లాస్ ఏంజెలిస్‌లోని డాడ్జర్ స్టేడియంలో ప్రారంభం కానుంది. నేషనల్ లీగ్ విజేత లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్, అమెరికన్ లీగ్ విజేత న్యూయార్క్ యాంకీస్ ఇందులో తలపడుతున్నాయి. తొలి మ్యాచ్ భారత కాలమానం ప్రకారం శనివారం ఉదయం 5.38 గంటలకు మొదలవుతుంది. గరిష్ఠంగా ఏడు మ్యాచ్‌లు జరిగే ఈ సిరీస్‌లో ముందుగా నాలుగు గెలిచిన జట్టే విజేత.

ఈ పోరుకు ప్రధాన ఆకర్షణ ఇద్దరు బ్యాటర్లు. జపాన్‌కు చెందిన డాడ్జర్స్ ఆటగాడు షోహేయ్ ఒతానీ ఈ ఏడాది 54 హోం రన్‌లు కొట్టి, 59 బేస్‌లు దొంగిలించాడు. ఒకే సీజన్‌లో ఈ రెండింటిలోనూ 50 మార్కును చేరిన తొలి ఆటగాడు అతడే. యాంకీస్ కెప్టెన్ ఆరన్ జడ్జ్ 58 హోం రన్‌లతో లీగ్‌లందరిలోనూ అగ్రస్థానంలో నిలిచాడు. ఇద్దరికీ ఇదే తొలి వరల్డ్ సిరీస్. అయితే ట్రోఫీ ఎవరిదన్నది వీరి బ్యాట్లకన్నా, రెండు జట్ల వద్ద అలసిపోకుండా మిగిలిన పిచర్ల మీదే ఎక్కువగా ఆధారపడే అవకాశం ఉంది. ఆ లెక్క అర్థం కావాలంటే ఈ పోటీ నిర్మాణాన్ని తెలుసుకోవాలి.

ఒక్క ఫైనల్‌తో ఎందుకు తేల్చరు?

క్రికెట్ ప్రపంచ కప్‌ను ఒక్క ఫైనల్‌తో ముగించడం మనకు అలవాటు. బేస్‌బాల్‌లో ఒక్క మ్యాచ్ ఫలితం జట్టు బలాన్ని అంతగా చాటదు. ఈ సీజన్‌లో 162 మ్యాచ్‌లు ఆడిన డాడ్జర్స్ 98 గెలిచి 30 జట్లలోకెల్లా మెరుగైన రికార్డు సాధించింది. అంత గొప్ప జట్టు కూడా 64 మ్యాచ్‌లలో ఓడిపోయిందన్న మాట. యాంకీస్ 94 గెలిచి 68 ఓడింది. అమెరికన్ లీగ్‌లో అదే ఉత్తమ రికార్డు.

బ్యాటర్ల సంగతీ అంతే. జడ్జ్ ఈ ఏడాది బ్యాటింగ్ సగటు .322. అంటే, అత్యుత్తమ బ్యాటర్ సైతం లెక్కలోకి వచ్చే ప్రతి మూడు అవకాశాలలో రెండింట దాదాపుగా విఫలమవుతాడు. ఇటువంటి ఆటలో ఒక్క రోజు అదృష్టం ఎటైనా మొగ్గవచ్చు. అందుకే ప్లేఆఫ్స్‌లో ప్రతి దశనూ సిరీస్‌గానే ఆడిస్తారు.

మెరుగైన రికార్డు ఉన్నందున తొలి రెండు మ్యాచ్‌లు, అవసరమైతే చివరి రెండు మ్యాచ్‌లు డాడ్జర్స్ సొంత మైదానంలో జరుగుతాయి. మధ్యలోని మూడు మ్యాచ్‌లకు న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియం వేదిక. నగరం మారే సమయంలో ఒక్కో రోజు విరామం ఉంటుంది.

27 ఔట్ల లెక్క

మ్యాచ్‌కు తొమ్మిది ఇన్నింగ్స్. ప్రతి ఇన్నింగ్స్‌లో ఒక్కో జట్టుకు మూడు ఔట్లు. ప్రత్యర్థిని పూర్తిగా నిలువరించాలంటే 27 ఔట్లు సాధించాలి. క్రికెట్‌లో బౌలర్ ఎలాగో ఇక్కడ పిచర్ అలాగ. కానీ రెండు ముఖ్యమైన తేడాలున్నాయి.

టీ20లో బౌలర్‌కు నాలుగు ఓవర్ల పరిమితి ఉంటుంది. పిచర్‌కు అటువంటి నిబంధన లేదు. అతని చేయి తట్టుకున్నంత సేపు వేయవచ్చు. మరొకటి, క్రికెట్ కెప్టెన్ ఒక బౌలర్‌ను ఆపి మళ్లీ చివరి ఓవర్లకు పిలవవచ్చు. బేస్‌బాల్‌లో ఒకసారి మ్యాచ్ నుంచి తప్పించిన ఆటగాడు ఆ రోజు మళ్లీ ఆడే వీలు లేదు. కనుక పిచర్‌ను మార్చే ప్రతి నిర్ణయమూ తిరిగి సరిదిద్దుకోలేనిదే.

మ్యాచ్‌ను ఆరంభించే ప్రధాన పిచర్‌ను స్టార్టర్ అంటారు. అతడు సాధారణంగా 90 నుంచి 100 బంతుల వరకు వేసి, ఆ తరువాత కనీసం నాలుగు రోజులు విశ్రాంతి తీసుకుంటాడు. అతడు దిగిపోయాక వచ్చేవారు రిలీవర్లు. వీరు ఒకటి రెండు ఇన్నింగ్స్ వేస్తారు, అవసరమైతే మరుసటి రోజు కూడా వస్తారు. కానీ వరుసగా వేసినకొద్దీ వేగం తగ్గుతుంది. పైగా ఒకే రిలీవర్‌ను మూడు నాలుగుసార్లు ఎదుర్కొన్న బ్యాటర్‌కు అతని బంతుల తీరు పట్టుబడుతుంది. ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో దాగి ఉన్న ప్రమాదం ఇదే.

డాడ్జర్స్: గాయాల మధ్య గెలుపు

డాడ్జర్స్‌కు ఈ కొరత తీవ్రంగా ఉంది. టైలర్ గ్లాస్నో, క్లేటన్ కెర్షా, గావిన్ స్టోన్ వంటి స్టార్టర్లు గాయాలతో దూరమయ్యారు. పిచర్‌గానూ ప్రపంచ ప్రసిద్ధుడైన ఒతానీ, 2023 సెప్టెంబర్‌లో మోచేతి శస్త్రచికిత్స జరిగినందున ఈ ఏడాది బ్యాటింగ్‌కే పరిమితమయ్యాడు. జాక్ ఫ్లాహర్టీ, యోషినోబు యమమోటో, వాకర్ బ్యూలర్ మాత్రమే స్టార్టర్లుగా మిగిలారు.

మిగతా మ్యాచ్‌లను మేనేజర్ డేవ్ రాబర్ట్స్ రిలీవర్లతోనే నెట్టుకొస్తున్నారు. శాన్ డియాగో పాడ్రెస్‌తో ఓడితే ఇంటికే అన్న మ్యాచ్‌లో ఎనిమిది మంది పిచర్లు కలిసి ప్రత్యర్థికి ఒక్క పరుగూ ఇవ్వలేదు. డాడ్జర్స్ 8–0తో నెగ్గింది. ఆ పద్ధతి ఒక రోజుకు పనికొచ్చినా, ప్రతి రోజూ సాగేది కాదు. బ్లేక్ ట్రైనెన్, మైఖేల్ కోపెక్ వంటి రిలీవర్లను ఎన్నిసార్లు రప్పించగలరన్నదే రాబర్ట్స్ ముందున్న ప్రశ్న.

బ్యాటింగ్‌లో కొరత లేదు. ఒతానీ, మూకీ బెట్స్, ఫ్రెడ్డీ ఫ్రీమన్ ముగ్గురూ గతంలో లీగ్ అత్యుత్తమ ఆటగాడి పురస్కారం పొందినవారే. అయితే సెప్టెంబర్ చివరలో చీలమండ బెణికిన ఫ్రీమన్ ఇంకా పూర్తిగా కోలుకోలేదు.

యాంకీస్: కోల్ చేతిలో రెండు మ్యాచ్‌లు

యాంకీస్ తొలి మ్యాచ్‌ను గెరిట్ కోల్‌కు అప్పగించింది. 2023లో అమెరికన్ లీగ్ ఉత్తమ పిచర్‌గా ‘సై యంగ్’ పురస్కారం అందుకున్న కోల్, ఈ నెల 25న వేస్తే నాలుగు రోజుల విశ్రాంతి అనంతరం 30న జరగవలసిన ఐదో మ్యాచ్‌కు సిద్ధంగా ఉంటాడు. రెండో మ్యాచ్‌కు కార్లోస్ రోడోన్ ఉన్నాడు. స్టార్టర్లు ఎక్కువ ఇన్నింగ్స్ వేస్తే ల్యూక్ వీవర్ వంటి రిలీవర్లపై భారం తగ్గుతుంది. మేనేజర్ ఆరన్ బూన్‌కు ఇది కలిసివచ్చే అంశం.

జడ్జ్ ఫామ్ మాత్రం ఆందోళన కలిగిస్తోంది. ప్లేఆఫ్స్ తొలి తొమ్మిది మ్యాచ్‌లలో అతని సగటు .161 మాత్రమే. ఆ లోటును జియాన్‌కార్లో స్టాంటన్, హువాన్ సోటో పూడ్చారు. క్లీవ్‌లాండ్ గార్డియన్స్‌పై పదో ఇన్నింగ్స్‌లో సోటో కొట్టిన మూడు పరుగుల హోం రన్నే జట్టును ఇక్కడికి చేర్చింది. ఈ సీజన్‌తో సోటో ఒప్పందం ముగుస్తుంది. యాంకీస్ దుస్తులలో అతనికివి చివరి మ్యాచ్‌లు కావచ్చు.

43 ఏళ్ల తరువాత

ఈ రెండు జట్లు వరల్డ్ సిరీస్‌లో తలపడటం ఇది 12వసారి. మరే జంటా ఇన్నిసార్లు ఎదురుపడలేదు. గత 11లో యాంకీస్ ఎనిమిది, డాడ్జర్స్ మూడు గెలిచాయి. 1941 నుంచి 1956 వరకు ఏడుసార్లు పోటీ పడినప్పుడు డాడ్జర్స్ న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ జట్టే. 1947లో మేజర్ లీగ్‌లో వర్ణవివక్షకు తెరదించిన జాకీ రాబిన్సన్ ఆ జట్టులోనివాడే. 1955లో బ్రూక్లిన్‌కు దక్కిన ఏకైక ట్రోఫీ కూడా యాంకీస్‌ను ఓడించి సాధించినదే. 1958లో జట్టు లాస్ ఏంజెలిస్‌కు తరలింది.

చివరిసారి ఈ జట్లు కలుసుకున్నది 1981లో. అప్పట్లో మూడో మ్యాచ్‌ను గెలిపించి డాడ్జర్స్‌ను నిలబెట్టిన మెక్సికో పిచర్ ఫెర్నాండో వలెన్‌జువెలా ఈ నెల 22న తన 63వ ఏట కన్నుమూశారు. ఆయన స్మృతి ఈ సిరీస్ ఆరంభానికి ఒక గాంభీర్యాన్ని తెచ్చింది.

ఎవరికి ఎంత అవసరం?

27 ట్రోఫీలున్న యాంకీస్‌కు 2009 తరువాత మరొకటి దక్కలేదు. పదిహేనేళ్ల విరామం ఆ జట్టు అభిమానులకు చాలా పొడవైనదే. డాడ్జర్స్ 2020లో గెలిచినా, కోవిడ్ కారణంగా 60 మ్యాచ్‌లకే కుదించిన సీజన్ అది. ఆ ఫైనల్ సొంత ఊళ్లోనూ జరగలేదు. ఒతానీతో పదేళ్లకు 70 కోట్ల డాలర్ల ఒప్పందం, యమమోటోతో పన్నెండేళ్లకు 32.5 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్న యాజమాన్యం పూర్తి సీజన్ ట్రోఫీనే ఆశిస్తోంది.

శనివారం ఉదయం తొలిసారిగా ఈ ఆటను చూసేవారు ఒక్క విషయం గమనిస్తే చాలు. ఐదో ఇన్నింగ్స్ ముగిసేసరికి ఇంకా కోల్, ఫ్లాహర్టీలే బంతి వేస్తున్నారా, లేక రిలీవర్లు రంగంలోకి దిగారా? తొలి రాత్రి ఎక్కువ మంది పిచర్లను ఖర్చు చేసుకున్న జట్టు, ఆ మ్యాచ్ గెలిచినా సరే, దాని మూల్యాన్ని మూడో, నాలుగో మ్యాచ్‌లో చెల్లించవలసి రావచ్చు.